ఏ నైపుణ్యానికి ఏ వీడియో: వైద్య విద్యార్థులకు క్లినికల్ పనులు నేర్పేవారి కోసం ఒక పోలిక

ఉదయం పది గంటల వేళకు నెల్లూరులోని మా మెడిసిన్ వార్డులో ఒకే మంచం చుట్టూ పద్దెనిమిది మంది విద్యార్థులు నిలబడి ఉంటారు. ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయనకు ప్లీహం పెరిగి చేతికి అందుతూ ఉంటుంది. కుడివైపు పొత్తికడుపు దగ్గర మొదలుపెట్టి, ఊపిరి పీల్చినప్పుడల్లా ఎడమ పక్కటెముకల వైపు చేతిని ఎలా జరుపుకుంటూ పోవాలో నేను చేసి చూపిస్తాను. ముందున్న ఐదారుగురికి నా వేళ్ళు కనబడతాయి, వెనకున్నవారికి ముందువారి తెల్లకోట్లు కనబడతాయి. సాయంత్రం హాస్టల్‌కు వెళ్ళాక ఆ వెనక వరుసవారు ఫోన్ తెరిచి, పొద్దున తమకు కనబడని ఆ కదలికను మరెక్కడో, మరొక వైద్యుడు చేసిన వీడియోలో చూసుకుంటారు. వీడియో మా బోధనలోకి ఇలా విద్యార్థుల అవసరం కొద్దీ వచ్చిందే తప్ప, అధ్యాపకులం కూర్చుని ఆలోచించి తెచ్చుకున్నది కాదు. అందువల్లనే ఏ పనికి ఏ వీడియో తగుతుందన్న ప్రశ్నను చాలా ఆలస్యంగా అడగడం మొదలుపెట్టాం.

నెల్లూరు, ఒంగోలు కళాశాలల్లో పనిచేసే యువ అధ్యాపకుల ముందు నాలుగు దారులు ఉన్నాయి: ఉచితంగా దొరికే విదేశీ వీడియోలు, చందా కట్టి చూసే మన దేశపు పరీక్షల యాప్‌లు, విభాగమే సొంతంగా తీసుకునే వీడియోలు, విద్యార్థి తన పనిని తానే చిత్రీకరించుకునే పద్ధతి. వీటిలో ఒకదాన్ని ఎంచుకుని అన్నింటికీ దాన్నే వాడటం తప్పని నా అభిప్రాయం. కంటితో పట్టుకోవలసిన విషయానికి ఒకటి, చెవితో పట్టుకోవలసినదానికి ఒకటి, చేతితో చేయవలసినదానికి ఒకటి, నోటితో అడగవలసినదానికి ఇంకొకటి తగుతాయి. వీడియో చూసిన తర్వాత విద్యార్థి చేతిని పట్టి చూసి సరిచేసే మనిషి లేనప్పుడు, ఎంత మంచి వీడియో అయినా మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు.

ఈ చివరి మాటకు ఆధారం ఉంది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ 2018లో కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. పాత్రలు కదలకుండా బల్లమీది గుడ్డను ఒక్క లాగుతో తీసేసే విద్యను కొందరికి ఒక్కసారి, మరికొందరికి 20 సార్లు వీడియోలో చూపించినప్పుడు, 20 సార్లు చూసినవారిలో తామూ చేయగలమన్న నమ్మకం బాగా పెరిగింది. అయితే లక్ష్యానికి డార్ట్ విసరడం వంటి పనులను నిజంగా చేయించి చూస్తే, ఎక్కువసార్లు చూసినవారు తక్కువసార్లు చూసినవారికంటే మెరుగ్గా ఏమీ చేయలేదు. బల్ల మీద గిన్నె పగిలితే నష్టం చిన్నది. రోగి చేతి నరంలో సూది గుచ్చుతూ ఆ నమ్మకాన్ని పరీక్షించుకునే హౌస్ సర్జన్ గురించి ఆలోచించినప్పుడు నాకు నిజంగా భయం వేస్తుంది.

మన పాఠ్యప్రణాళిక కూడా ఈ తేడాను గుర్తించింది. 2019లో చేరిన బ్యాచ్ నుంచి అమలవుతున్న సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యక్రమం ప్రతి నైపుణ్యానికీ ఒక స్థాయిని నిర్ణయించింది: తెలిసి ఉండాలి, ఎలా చేయాలో తెలిసి ఉండాలి, చేసి చూపగలగాలి, స్వయంగా చేయగలగాలి. 1990లో జార్జ్ మిల్లర్ గీసిన పిరమిడ్‌లోని మెట్లే ఇవి. వీడియో విద్యార్థిని రెండో మెట్టు దాకా చక్కగా తీసుకువెళ్తుంది, మూడో మెట్టుకు సిద్ధం చేస్తుంది, అంతకు మించి దాని చేతుల్లో లేదు. అందువల్ల వీడియోను ఎంచుకునే ముందు, విద్యార్థి నేర్చిన పనులు నమోదు చేసే లాగ్ బుక్‌లో ఆ నైపుణ్యానికి ఏ స్థాయి రాసి ఉందో చూడటం మంచిది. స్వయంగా చేయగలగాలి అని ఉన్న పనికి వీడియోతో పాటు, బొమ్మల మీద సాధన చేసే స్కిల్ ల్యాబ్ సమయాన్ని కూడా అప్పుడే కేటాయించుకోవాలి.

విదేశీ వీడియోలు: కంటికి మంచివి, ట్రేకు కుదరవు

ఉచితంగా దొరికేవాటిలో బ్రిటన్‌కు చెందిన గీకీ మెడిక్స్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు స్టాన్‌ఫర్డ్ మెడిసిన్ 25 మన విద్యార్థులందరికీ తెలిసినవే. పరీక్ష చేసే క్రమం గుర్తుండటానికి మొదటిదానికి మించినది దొరకడం కష్టం: చేతులు శుభ్రం చేసుకోవడం, పేరు చెప్పి పరిచయం చేసుకోవడం, అనుమతి అడగడం, చూడటం, తాకడం, తట్టడం, వినడం, ఏ అడుగూ తప్పిపోకుండా వరుసగా వస్తుంది. నాడీ వ్యవస్థ పరీక్షకూ, అరుదైన నడకలకూ, చేతి వణుకులో రకాలకూ విదేశీ వీడియోలనే నేను సిఫారసు చేస్తాను. ఒక బ్యాచ్ పోస్టింగ్ జరిగే వారాల్లో మన వార్డుకు అటువంటి రోగి వస్తాడన్న నమ్మకం ఉండదు. కంటితో ఒకసారి సరిగా చూస్తే చాలు, ఆ నడక మనసులో నిలిచిపోతుంది.

అయితే వాటిని ఎవరి కోసం తీశారో మరిచిపోకూడదు. విద్యార్థుల నైపుణ్యాలను స్టేషన్ల వారీగా చేయించి చూసే, ఓస్కీ అని పిలిచే పరీక్షా విధానాన్ని 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం ప్రవేశపెట్టింది. కొన్ని నిమిషాల్లో ఒక్కొక్క స్టేషన్ ముగించే ఆ పరీక్ష కోసం తీసిన వీడియోల్లో మంచం మీద పడుకున్న వ్యక్తి సాధారణంగా ఆరోగ్యవంతుడే. కాలేయాన్ని వెతికే పద్ధతి అందులో ఉంటుంది, వేళ్ళకు తగిలే కాలేయం ఉండదు. మన దగ్గర పరిస్థితి సరిగ్గా తలకిందులు: జలోదరం (కడుపులో నీరు చేరడం), రుమాటిక్ జ్వరం వల్ల దెబ్బతిన్న గుండెలోని మైట్రల్ కవాటం, పెరిగిన ప్లీహం వార్డులో ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి కానీ, క్రమం తెలిసిన చేతులు తక్కువ. కాబట్టి క్రమాన్ని ఆ వీడియోల నుంచి, లక్షణాన్ని మన మంచం దగ్గర నుంచి తీసుకోమని నా విద్యార్థులకు చెబుతాను.

చేతిపనుల విషయంలో మాత్రం ఇవి తరచుగా ఇబ్బంది పెడతాయి. క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) వేసే విదేశీ వీడియోలో ట్రే నిండా ఒకసారి వాడి పారేసే వస్తువులు ఉంటాయి: సూదిని దానంతట అదే లోపలికి లాక్కునే క్యాన్యులా, పారదర్శకమైన అంటింపు, చర్మం శుభ్రం చేసే మందు నింపిన పుల్ల. మన వార్డు ట్రేలో రెక్కలూ పైన మూతా ఉన్న క్యాన్యులా, స్పిరిట్ దూది, చింపుకుని అంటించే ప్లాస్టరు ఉంటాయి. ఆకుపచ్చది 18, గులాబీది 20, నీలిది 22, పసుపుది 24 గేజ్ (సూది మందం కొలత) అన్నది ఎక్కడైనా ఒకటే అయినా, సూదిని బయటికి లాగుతూ రక్తం కారకుండా నరం మీద ఎక్కడ నొక్కాలి, ఆ నిమిషంలో ప్లాస్టరు ముక్కలు ఎక్కడ సిద్ధంగా ఉండాలి అనేవి మన ట్రేతోనే నేర్చుకోవాలి. మొదటిసారి చేస్తున్న విద్యార్థికి ఈ చిన్న తేడాలే చేతిని ఆపేస్తాయి, రోగి దుప్పటి మీద రక్తం పడేది కూడా అక్కడే.

చందా యాప్‌ల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. అవి పీజీ ప్రవేశ పరీక్ష కోసం తయారైనవి, ఆ పనిని బాగానే చేస్తున్నాయి. రోగ లక్షణాల బొమ్మలు గుర్తించడానికి, సిద్ధాంతం గట్టి చేసుకోవడానికి పనికొస్తాయి. చేతిపని నేర్పడానికి వాటి మీద ఆధారపడవద్దు, ఆ ఒక్క అవసరం కోసం విద్యార్థి చేత డబ్బు ఖర్చు పెట్టించవద్దు.

చెవితో నేర్చుకునేవి

గుండె చప్పుళ్ళ వీడియోలకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు వీడియోలో కాక వినే పరికరంలో ఉంటుంది. మూడో చప్పుడు, నాలుగో చప్పుడు, మైట్రల్ కవాటం సన్నబడినప్పుడు వినిపించే గుడగుడ, ఇవన్నీ తక్కువ శ్రుతి ధ్వనులు. వాటిని స్టెతస్కోపు గంట వైపుతో, చర్మం మీద తేలికగా ఆనించి వినవలసి వస్తుంది. ఫోన్‌లోని చిన్న స్పీకరు ఆ తక్కువ ధ్వనులను పలకలేదు. హాస్టల్ గదిలో నలుగురు కలిసి ఫోన్‌ను మధ్యలో పెట్టుకుని విన్నప్పుడు ఆ గుడగుడ అసలు వినిపించదు, వీడియోలో వ్యాఖ్యాత చెప్పాడు కాబట్టి విన్నామనుకుంటారు. చెవులను బాగా మూసే ఇయర్‌ఫోన్లు లేకుండా ఈ వీడియోలు చూడవద్దని తరగతిలోనే చెప్పాలి. ఆ తర్వాత వార్డులో అదే చప్పుడు ఉన్న రోగి గుండెను, నాడి మీద వేలు ఉంచి, ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టి వినిపించాలి. ఈ ఒక్క విషయంలో సొంతంగా వీడియో తీయాలన్న ఆలోచన మానుకోవడమే మేలు. మన ఫోన్‌లతో రికార్డు చేసే శబ్దం నాణ్యత, మంచి సంస్థలు ఇప్పటికే ఇచ్చినదానికి దగ్గరకు కూడా రాదు.

మనమే తీసుకోవలసినవి

మొదటగా పాముకాటు. పెన్నా కింది వరిచేలల్లో నాట్ల సమయంలో, కోతల సమయంలో మా అత్యవసర విభాగానికి వచ్చే రోగుల సంగతి ఇక్కడి వైద్యులందరికీ తెలుసు. మొదట చేయవలసిన పరీక్ష చాలా సులువైనది: 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో తీసుకుని, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టకుండా కారితే పింజర జాతి విషం రక్తాన్ని దెబ్బతీసిందని అర్థం. పాముకాటులో రక్తానికి చేసే ఈ 20 నిమిషాల పరీక్షకు బ్రిటిష్ వైద్య కళాశాలల వీడియో అందుబాటులో ఉండాలని ఆశించలేం, వారికి రోజువారీగా ఆ అవసరం లేదు. గొట్టం గాజుదే కావాలి, ఎందుకంటే గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టేది గాజు ఉపరితలమే. ప్లాస్టిక్ గొట్టంలో పోసినా, సబ్బుపొడితో కడిగిన గొట్టంలో పోసినా, విషం లేకపోయినా రక్తం గడ్డకట్టకపోవచ్చు, అప్పుడు అవసరం లేని రోగికి విషవిరుగుడు ఎక్కించినవాళ్ళమవుతాం.

మేము మొదటిసారి తీసిన వీడియోలో ఆ 20 నిమిషాల నిరీక్షణను కత్తిరించి, '20 నిమిషాల తర్వాత' అన్న అక్షరాలు వేసి ముందుకు వెళ్ళాం. ఆ వీడియో చూసి వచ్చిన విద్యార్థులు ఐదో నిమిషానికే గొట్టాన్ని ఎత్తి, వంచి చూడటం మొదలుపెట్టారు. వీడియో వారికి నేర్పినది అదే: పోయడం, వెంటనే చూడటం. రెండోసారి తీసినప్పుడు గోడ గడియారం ఫ్రేములో కనబడేలా పెట్టాం, గొట్టం పక్కన సమయం రాసిన కాగితం అంటించాం, నిరీక్షణ జరుగుతున్నంతసేపూ నర్సు, విద్యార్థి కలిసి రోగి కనురెప్పలు వాలుతున్నాయా, కాటు దగ్గర వాపు పాకుతోందా అని చూస్తూ ఉండే దృశ్యాన్ని అర నిమిషం చేర్చాం. ఖాళీ సమయంలో చేయవలసిన పని ఏమిటో చూపించాక, గొట్టాన్ని ముందే ముట్టుకునేవారు తగ్గారు.

రెండోది రోగితో మాట. చరిత్ర తీసుకోవడం (రోగిని అడిగి జబ్బు వివరాలు తెలుసుకోవడం) గురించిన ఇంగ్లీషు వీడియోలు ప్రశ్నల క్రమం నేర్పుతాయి, కానీ మన రోగి ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే భాష అందులో ఉండదు. పడుకుంటే ఊపిరాడకపోవడాన్ని పుస్తకంలో ఒక్క గ్రీకు మాటతో చెబుతారు. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన అవ్వ "రాత్రిపూట గోడకానుకొని కూసుంటే గాని ఊపిరాడదు డాక్టరమ్మా, ఎగపోస్తా ఉంది" అంటుంది. ఆ మాటలో ఎంత సమాచారం ఉందో గుర్తించలేని విద్యార్థి, పుస్తకంలోని ప్రశ్నను తెలుగు చేసి మళ్ళీ అడిగి, ఆమెను విసిగించి, చివరికి లేదని రాసుకుంటాడు. ఒంట్లో సలుపు, పోటు, గుంజుడు, మంట, తిమ్మిరి, ఇవి ఐదూ వేర్వేరు బాధలు. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాలో నిండుతాయి కనుక, తెలుగు అసలు రాని విద్యార్థులు కూడా ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. వారికోసం మన ఊళ్ళ మాటతో, తెరమీద అర్థం రాసి, పది చిన్న సంభాషణలు తీసుకుంటే, అంతకంటే ఎక్కువ పనికొచ్చే వీడియో మరొకటి ఉండదు. ఇందులో అసలు రోగులు అవసరం లేదు. వార్డులో ఏళ్ళ తరబడి పనిచేసి ఈ మాటలన్నీ విన్న నర్సులు, ఆయాలు పాత్రలు వేస్తే చాలా సహజంగా వస్తుంది. 'పెద్దయ్యా', 'అవ్వా', 'అమ్మా' అని పిలిచి అడగడం, ఎదురుగా కూర్చుని అడగడం కూడా విద్యార్థి అక్కడే నేర్చుకుంటాడు.

తీసే పద్ధతి గురించి కొన్ని మాటలు. కెమెరాను చేసేవారి భుజం మీదుగా, వారి కళ్ళకు కనబడినట్టే పెట్టండి. ఎదురుగా పెడితే కుడి ఎడమలు తారుమారై, విద్యార్థి చూస్తూనే మనసులో వాటిని తిప్పుకోవలసి వస్తుంది. లోగన్ ఫియోరెల్లా, రిచర్డ్ మేయర్ తదితరులు 2017లో విద్యుత్ పరికరాలను జోడించే పని మీద చేసిన అధ్యయనంలో, చేసేవారి కోణం నుంచి చూసినవారే మెరుగ్గా నేర్చుకున్నారు. ఆన్‌లైన్ కోర్సుల మీద 2014లో వచ్చిన పెద్ద విశ్లేషణ ఆరు నిమిషాలు దాటిన వీడియోలను జనం మధ్యలోనే వదిలేస్తున్నారని చూపింది. అది నేర్చుకోవడాన్ని కాక శ్రద్ధను కొలిచిన లెక్క అయినా, ఒక వీడియోలో ఒకే పని ఉండాలన్న నియమానికి అది చాలు. నేపథ్య సంగీతం వద్దు. మాట్లాడుతున్న వాక్యాలన్నిటినీ తెరమీద మళ్ళీ రాయడం కూడా వద్దు, అవి కంటిని చేతి మీద నుంచి లాగేస్తాయి. 'ఇక్కడ కోణం తగ్గించాలి' వంటి ఒక్క గుర్తు, ఒక్క బాణం సరిపోతుంది.

రోగిని చిత్రీకరించవలసి వస్తే ముందు ఆగి ఆలోచించాలి. గుర్తింపు బయటపడేలా రోగి ఛాయాచిత్రాన్నో, కేసు వివరాలనో వారి అనుమతి లేకుండా ప్రచురించకూడదని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి స్పష్టంగా చెబుతోంది. అనుమతి తెలుగులో, చదివి వినిపించి, ఆ రోగికి వైద్యం చేస్తున్న డాక్టరు కాక మరొకరు అడగాలి. మంచం మీద పడుకుని, ప్రాణం ఎవరి చేతుల్లో ఉందో వారే అడిగితే కాదనగలిగే రోగి మన ప్రాంతంలో ఎంతమంది ఉంటారు? ముఖం దాచాం కదా అనుకుని మేము ఒకసారి పంచుకున్న వీడియోలో, మంచం చివర వేలాడుతున్న కేస్ షీట్ మీద పేరు, ఊరు చదవగలిగేలా ఉన్నాయని రెండు రోజుల తర్వాత తెలిసింది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన దాన్ని వెనక్కి తీసుకోవడం సాధ్యం కాలేదు, ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అప్పటి నుంచి మేము ఫోన్‌లకు పంపకుండా, కళాశాల కంప్యూటర్లలో మాత్రమే చూసే ఏర్పాటు పెట్టుకున్నాం. స్త్రీల పరీక్షలూ, మలద్వార పరీక్షా ఎట్టి పరిస్థితుల్లోనూ రోగుల మీద చిత్రీకరించవద్దు, మానెకిన్ (శిక్షణకు వాడే మనిషి బొమ్మ) మీద తీసినది చాలు.

విద్యార్థి తనను తాను చూసుకోవడం

నాలుగు దారుల్లో తక్కువగా వాడుతున్నదీ, నా దృష్టిలో ఎక్కువ ఫలం ఇచ్చేదీ ఇదే. స్కిల్ ల్యాబ్‌లో ఇద్దరిద్దరుగా నిలబడి, ఒకరు మానెకిన్ మీద గుండె నొక్కుతుంటే మరొకరు ఫోన్‌తో తీస్తారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రావాలి అన్న లెక్కలు అందరూ అప్పజెప్పగలరు. తన వీడియో చూసుకుంటే రెండో నిమిషంలో మోచేతులు వంగిపోవడం, ఛాతీ మీద చేయి బరువు ఆనించేసి ఉండటం తనకే కనబడుతుంది, అధ్యాపకుడు మూడుసార్లు చెప్పినా నమ్మనిది అక్కడ నమ్ముతాడు. బీపీ చూసేటప్పుడు రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టకుండానే పట్టీ కట్టేయడం, చేతికి ఆసరా ఇవ్వకపోవడం, నాడి పట్టి ముందు పై బీపీని అంచనా వేయకుండా నేరుగా స్టెతస్కోపు పెట్టడం కూడా ఇలాగే బయటపడతాయి. ఒక మాదిరి వీడియోనూ, తన వీడియోనూ పక్కపక్కన పెట్టి, చెక్‌లిస్టుతో తనకు తానే మార్కులు వేసుకోమంటే చాలు. ఖర్చు లేదు, రోగికి ఇబ్బంది లేదు.

ఎప్పుడు చూపించాలి

రాడ్నీ పేటన్ చెప్పిన నాలుగు అడుగుల పద్ధతి ఇక్కడ బాగా అక్కరకొస్తుంది: మాట్లాడకుండా మామూలు వేగంతో చేసి చూపడం, విడగొట్టి వివరిస్తూ చేయడం, విద్యార్థి చెబుతుంటే గురువు చేయడం, విద్యార్థి చెబుతూ తానే చేయడం. మొదటి రెండు అడుగులను వీడియోకు అప్పగించి, ముందు రాత్రి చూసి రమ్మంటే, మూడు గంటల పోస్టింగ్‌లో చివరి రెండింటికి సమయం దొరుకుతుంది. మూడో అడుగుకు మేము ఒక ఉపాయం వాడుతున్నాం: అదే వీడియోను శబ్దం తీసేసి ప్రదర్శించి, విద్యార్థి చేత వ్యాఖ్యానం చెప్పిస్తాం. ఎక్కడ మాట ఆగుతుందో అక్కడే చేయి కూడా ఆగుతుంది.

ఒక్క ఫోన్, ఇద్దరు ట్యూటర్లు మాత్రమే ఉన్న విభాగమైతే, అన్నీ తీయాలని బయలుదేరవద్దు. 20 నిమిషాల రక్త పరీక్ష, క్యాన్యులా, నెల్లూరు ఒంగోలు మాటల్లో చరిత్ర తీసుకోవడం, ఈ మూడింటితో మొదలుపెట్టి, మిగిలినవాటికి విదేశీ వీడియోల్లో ఒక్కొక్క నైపుణ్యానికి ఒక్కొక్కటి ఎంచి జాబితా ఇవ్వండి. జాబితా ఇవ్వకపోతే విద్యార్థి ఒకే పరీక్షకు ఐదు పద్ధతులు చూసి, పరీక్ష రోజున ఐదింటినీ కలిపి చేస్తాడు. స్కిల్ ల్యాబ్ సమయం దొరకని వారంలో చేతిపని వీడియోలను వాయిదా వేసి, కంటితో చూసే వీడియోలు చూపించండి.

సొంత వీడియో మొదటి ఫ్రేములో నెల, సంవత్సరం తప్పక రాయండి. గుండె పునరుజ్జీవన మార్గదర్శకాలను ఐదేళ్ళకొకసారి సవరిస్తారు, ట్రేలోని వస్తువులు అంతకంటే ముందే మారిపోతాయి. మేము పాదరసపు బీపీ పరికరంతో తీసిన వీడియోను, వార్డులోకి ముల్లు తిరిగే అనిరాయిడ్ పరికరాలు వచ్చిన చాలా కాలం తర్వాత కూడా చూపిస్తూనే ఉన్నాం. ఒక విద్యార్థిని లేచి, "సార్, మన వార్డులో ఇది లేదు కదా, ముల్లు ఎలా చదవాలి?" అని అడిగిన రోజున దాన్ని తొలగించి, ఆ మధ్యాహ్నమే ఆమె చేతనే కొత్తది చేయించి తీశాం.